ఘర్షణ కదలికను ఆపేదే అయితే, మలుపులో బండిని తిప్పుతున్నదేంటి?

ఇంటర్_ఎంపీసీ:
అందరికీ నమస్కారం. పోయిన వారం ఇంట్లో వాళ్లతో తిరుమల వెళ్లాం. కిందికి దిగేటప్పుడు అమ్మ స్టీలు పులిహోర డబ్బా ముందు డ్యాష్‌బోర్డు మీద పెట్టింది, దాని పక్కనే లడ్డూల సంచి. కుడివైపు మలుపు వచ్చిన ప్రతిసారీ డబ్బా సర్రున ఎడమ తలుపు వైపుకి జారిపోతోంది, సంచి మాత్రం పెట్టిన చోటే ఉంది. నాలుగో మలుపు దగ్గర డబ్బాని చేత్తో పట్టుకున్నాను, అప్పటి నుంచి ఇదే ఆలోచన.

మా పుస్తకంలో సమతలంగా ఉన్న రోడ్డు మీద మలుపు తిరిగే కారుకి అభికేంద్ర బలాన్ని, అంటే మలుపు కేంద్రం వైపుకి లాగే బలాన్ని, ఘర్షణ ఇస్తుందని ఉంది. సూత్రం రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ ఎనిమిదో తరగతి నుంచి మాకు చెప్పింది ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుందని. కారు ముందుకి పోతుంటే ఘర్షణ వెనక్కి ఉండాలి కదా, పక్కకి, అదీ సరిగ్గా కేంద్రం వైపుకి ఎందుకు ఉంటుంది? క్లాసులో అడిగితే సూత్రం గుర్తుంచుకుంటే చాలన్నారు. నాకు చాలలేదు.

పాతలెక్కలమాస్టారు:
బాబూ, ఆ ఎనిమిదో తరగతి వాక్యంలో ఒక్క మాట పోయింది, అందుకే ఈ చిక్కంతా. ఘర్షణ వ్యతిరేకించేది చలనాన్ని కాదు, జారడాన్ని. ఒకదాన్నొకటి తాకుతున్న రెండు తలాల మధ్య జారుడుని. నడిచేటప్పుడు నీ పాదం నేలని వెనక్కి తంతుంది, పాదం వెనక్కి జారబోతుంది, కాబట్టి ఘర్షణ ముందుకి ఉంటుంది, నువ్వు ముందుకి పోతావు. తడి గచ్చు మీద నడిచి చూడు, అది లేకపోతే ఏమవుతుందో తెలుస్తుంది. లారీలో వేసిన బియ్యం బస్తా లారీతో పాటు కదులుతోందంటే దాన్ని లాక్కుపోతున్నది కింద చెక్కతో ఉన్న ఘర్షణే. అక్కడ ఘర్షణ చలనాన్ని ఆపలేదు, చలనాన్ని ఇచ్చింది.

ఇప్పుడు మలుపు దగ్గరికి రా. ఆ క్షణంలో రోడ్డు మీద ఘర్షణ మొత్తం మాయమైందనుకో. కారు ఎటు పోతుంది? స్టీరింగ్ ఎంత తిప్పినా నేరుగా, అంటే ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ వెంట పోతుంది. రోడ్డేమో లోపలికి వంగింది. అంటే రోడ్డుతో పోలిస్తే టైరు మలుపు బయటి అంచు వైపుకి జారబోతోంది. జారుడు బయటికి, కాబట్టి ఘర్షణ లోపలికి. కేంద్రం వైపుకి ఎందుకని అడిగావు, ఇదే జవాబు.

డబ్బా సంగతి కూడా ఇంతే. నున్నటి ప్లాస్టిక్ మీద నున్నటి స్టీలు, పట్టు చాలలేదు. డబ్బా తన దారిన తాను నేరుగా పోబోయింది, దాని కింద నుంచి కారు కుడికి తిరిగింది. లోపల కూర్చున్న నీకు డబ్బాని ఎవరో ఎడమకి తోసినట్టు కనిపించింది.

ఘాట్‌స్టీరింగ్:
మాస్టారూ, నేను పద్నాలుగేళ్లుగా కొండ రోడ్ల మీద టూరిస్టు బండి నడుపుతున్నాను, చదువు పదితో ఆగింది. మీరు చెప్పింది అర్థమైంది గానీ నాకొక అనుమానం. టైరు దొర్లుతోంది కదా, అంటే అది దొర్లుడు ఘర్షణ, అది చాలా తక్కువని మేమూ చదివాం. అంత తక్కువ ఘర్షణ టన్నున్నర బండిని ఎలా తిప్పుతుంది?

జడత్వం:
అంత కష్టమెందుకు. మలుపులో అపకేంద్ర బలం బయటికి లాగుతుంది, అభికేంద్ర బలం లోపలికి లాగుతుంది, రెండూ సమానం కాబట్టి బండి రోడ్డు మీద ఉంటుంది. మా రోజుల్లో ఇలాగే చెప్పారు.

పాతలెక్కలమాస్టారు:
జడత్వం గారూ, రెండూ సమానమై కొట్టుకుపోతే బండి మీద మిగిలే బలం సున్నా. బలం సున్నా అయితే బండి నేరుగా పోవాలి, తిరగకూడదు. తిరుగుతోందంటేనే లోపలికి లాగే బలం ఒకటి మిగిలి ఉందని. బండి లోపల కూర్చుని లెక్క వేసే వాళ్లకి అపకేంద్ర బలం పనికొస్తుంది, కాదనను. రోడ్డు పక్కన నిలబడి చూసే వాడికి అది లేదు, లోపలికి ఘర్షణ ఒక్కటే ఉంది. ఇంకో మాట, అభికేంద్ర బలం అని వేరే బలం ఒకటి లేదు. అది ఒక ఉద్యోగం పేరు లాంటిది. తాడుకి రాయి కట్టి తిప్పితే ఆ ఉద్యోగం తాడు చేస్తుంది, చంద్రుడి విషయంలో గురుత్వాకర్షణ చేస్తుంది, రైలుకి పట్టా, చక్రం అంచు కలిసి చేస్తాయి, కారుకి ఘర్షణ చేస్తుంది.

ఘాట్‌స్టీరింగ్ గారూ, మీ ప్రశ్న చాలా మంచిది. దీనికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. సైకిల్ టైరుని నీళ్లతో తడిపి, పొడి సిమెంటు గచ్చు మీద మెల్లగా నడిపించండి. వెనక పడిన తడి అచ్చుని వంగి దగ్గరగా చూడండి. టైరు మీదున్న గాళ్లు, గీతలు విడివిడిగా, రబ్బరు స్టాంపు వేసినంత స్పష్టంగా పడతాయి. టైరు జారి ఉంటే ఆ అచ్చు అలికినట్టు అయిపోయేది. అంటే బండి ఎంత వేగంగా పోతున్నా, రోడ్డుని తాకిన ఆ అరచేతి మేర రబ్బరు ఆ క్షణంలో రోడ్డు మీద ఆగే ఉంటుంది. ఆగి ఉన్న తలాల మధ్య ఉండేది స్థైతిక ఘర్షణ, అది బలమైనది. మీరు చెప్పిన దొర్లుడు ఘర్షణ వేరే సంగతి, అది టైరు నలిగి మళ్లీ లేవడంలో పోయే శక్తి, బండిని నెమ్మదిగా ఆపేది. మలుపు తిప్పేది అది కాదు.

ఘాట్‌స్టీరింగ్:
బురద రోడ్డు దాటి తారు రోడ్డెక్కాక వెనక పడే అచ్చులు రోజూ చూస్తాను మాస్టారూ, ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ అనుకోలేదు. సడన్ బ్రేకు కొట్టినప్పుడు మాత్రం అచ్చు ఉండదు, నల్లటి చార ఉంటుంది. ఇప్పుడు తెలిసింది ఎందుకో.

రోడ్డుకొలత:
రోడ్ల డిజైన్‌లో పని చేస్తాను, అంకెలు నేను చెప్తాను. సమతల మలుపులో జారకుండా పోగలిగే గరిష్ఠ వేగం కావాలంటే ఘర్షణ గుణకాన్ని (రెండు తలాల మధ్య పట్టు ఎంతో చెప్పే అంకె), మలుపు వ్యాసార్థాన్ని, 9.8ని గుణించి వర్గమూలం తీయండి. పొడి తారు రోడ్డు మీద మంచి టైరుకి గుణకం సుమారు 0.7 అనుకుందాం. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న హెయిర్‌పిన్ మలుపుకి అది సెకనుకి 11.7 మీటర్లు, అంటే గంటకి 42 కిలోమీటర్లు. వాన పడి గుణకం 0.4కి దిగితే అదే మలుపులో 32. తారు మీద ఇసుక పరుచుకుని 0.3 అయితే 28 కూడా దాటదు. మలుపు మారలేదు, బండి మారలేదు, డ్రైవరూ మారలేదు, పైన పడినది మాత్రమే మారింది.

డిజైన్‌లో మేము 0.7 దాకా పోం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కల్లో పక్క ఘర్షణకి 0.15 మాత్రమే తీసుకుంటాం. మిగతా పని రోడ్డుని లోపలికి వాల్చి చేయిస్తాం, ఆ వాలు మైదానంలో 7 శాతానికి, మంచు పడని కొండ రోడ్లలో 10 శాతానికి మించకూడదు. ఆ లెక్కన 20 మీటర్ల మలుపుకి వచ్చే వేగం గంటకి 25 కిలోమీటర్లు. 42 దాకా పట్టు ఉన్న చోట 25 ఎందుకు రాశారని బోర్డుల మీద కోప్పడే వాళ్లని చూశాను. ఆ తేడా వాన కోసం, ఇసుక కోసం, అరిగిన టైరు కోసం, మలుపు మధ్యలో ఆవు అడ్డం వస్తే కొట్టే బ్రేకు కోసం.

ఆ బాబు దిగిన దారి తిరుమల మొదటి ఘాట్ రోడ్డు, 1944 నాటిది, 36 హెయిర్‌పిన్ మలుపులు. ఎక్కడానికి వాడే రెండోది 1974లో వచ్చింది. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని అక్కడ నియమం. సుమారు 19 కిలోమీటర్లకి 40 నిమిషాలంటే సగటు వేగం 28, 29 మధ్య వస్తుంది. పైన తడి రోడ్డుకి వచ్చిన అంకె పక్కన దీన్ని పెట్టి చూడండి.

వరికుప్ప:
బరువు సంగతి ఎవరూ చెప్పరేంది? మీ సూత్రంల బరువే లేదు. అంటే మోపెడైనా లారీ అయినా ఒకటే వేగంల జారుతదా? మా ఊర్ల వరిగడ్డి లోడు ట్రాక్టరు మలుపుల కారు పోయినంత స్పీడుల పోతే ఏమైతదో అందరికీ తెలుసు.

రోడ్డుకొలత:
బరువు పెరిగితే లోపలికి కావాల్సిన బలం పెరుగుతుంది, అదే నిష్పత్తిలో రోడ్డు మీద నొక్కుడూ పెరిగి దొరికే ఘర్షణా పెరుగుతుంది. అందుకే జారడం వరకు బరువుతో పని లేదు. కానీ అన్నా, మీ ట్రాక్టరు జారదు. పడిపోతుంది. రెండూ వేరు.

ఘర్షణ లాగేది నేల దగ్గర. లోడు బరువు కేంద్రం ఉండేది పైన. కింద చక్రాన్ని లోపలికి లాగితే పైనున్నది బయటికి ఒరుగుతుంది. చక్రాల మధ్య వెడల్పు 2 మీటర్లు, లోడుతో కలిపి బరువు కేంద్రం నేల నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. సగం వెడల్పుని ఎత్తుతో భాగిస్తే 0.5. రోడ్డు పట్టు 0.7. అంటే పట్టు పూర్తిగా వాడుకోకముందే, 0.5 దగ్గరే లోపలి చక్రాలు గాలిలోకి లేస్తాయి. 20 మీటర్ల మలుపులో అది గంటకి సుమారు 36. అక్కడ ఘర్షణ ఎక్కువ ఉండటమే బండిని పడేస్తుంది. కారుకి ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, కాబట్టి మామూలుగా ముందు జారుతుంది.

వరికుప్ప:
ఇది మంచిగ చెప్పినవ్ అన్నా. మా నాయినకి చదివి వినిపించిన.

నాది కూడా ఒకటి చెప్త. మొన్న యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద ఒక పక్క వడ్లు ఆరబోసి ఉన్నయి. నేను బైకు మీద మెల్లగనే వస్తున్న, మలుపు, ఎదురుంగ వచ్చిన ఆటోకి దారి ఇద్దామని కొద్దిగ పక్కకి జరిగిన, ముందు చక్రం వడ్ల మీదికి ఎక్కింది. హ్యాండిల్ తిప్పే ఉంది, బండి తిరగలే. చేతిల హ్యాండిల్ బరువే లేనట్టు అయింది, ఆ మరుక్షణం మోచేయి రోడ్డుకి తగిలింది. లేచి చూస్తే టైరు పోయిన చోట వడ్లు నలగలేదు, పక్కకి దొర్లి గట్టు కట్టినయి, కింద తారు కనబడుతోంది. వడ్లు ఆరబోసిన రైతుని నేనేమీ అనను, కల్లం జాగ లేకనే కదా రోడ్డు మీద పోసేది. కానీ ఆ హ్యాండిల్ ఖాళీగ అయిన సంగతి మర్చిపోలేకపోతున్న.

రెండుచక్రాలు:
గింజ టైరుకీ తారుకీ మధ్య గోలీలా దొర్లుతుంది, దొర్లేదాన్ని పట్టుకుని టైరు ఆగలేదు. పచ్చి ఇసుక కన్నా పొడి గింజ ప్రమాదం.

హ్యాండిల్ తేలికవడం గురించి చెప్పారే, అది నేను కొత్తగా నేర్చుకునే వాళ్లకి మొదట చెప్పే విషయం. మలుపులో ముందు టైరుని పక్కకి లాగుతున్న ఘర్షణే మన చేతికి బరువుగా తెలుస్తుంది. అది పోయిందంటే పట్టు పోయింది.

బండిని వంచితే బండి తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. వంచడం వల్ల బలం పుట్టదు. నేల మనల్ని రెండు రకాలుగా తోస్తుంది, పైకి ఒకటి, లోపలికి ఘర్షణ ఒకటి. ఆ రెండూ కలిసిన దిక్కు మన బరువు కేంద్రం గుండా పోవాలి, లేకపోతే బండి పడిపోతుంది. అందుకని ఆ దిక్కుకి సరిపడా వంగుతాం. 20 మీటర్ల మలుపులో గంటకి 30 వేగానికి దాదాపు 20 డిగ్రీలు. తడి రోడ్డు మీద ఎంత స్టైలుగా వంగినా కింద ఘర్షణ చాలకపోతే చక్రం బయటికి పోతుంది.

ఇంకొక ముఖ్యమైనది బ్రేకు. టైరు దగ్గర ఉన్న పట్టు ఒక్కటే, జేబులో డబ్బుల్లాగా. బ్రేకుకి కొంత, తిరగడానికి కొంత ఖర్చు పెట్టాలి. మామూలుగా తీసేసినట్టు కాదు, రెండు దిక్కులూ లంబంగా ఉన్నాయి కాబట్టి పైథాగరస్ లెక్క వస్తుంది. పట్టులో 80 శాతం బ్రేకుకి పోతే తిరగడానికి 60 శాతం మిగులుతుంది. రోడ్డుకొలత గారు చెప్పిన 42, అప్పుడు 33 దగ్గరికి పడిపోతుంది. 38 మీద వస్తూ, ఇంకా నాలుగు కిలోమీటర్లు ఖాళీ ఉంది కదా అనుకుంటున్న వాడు భయపడి బ్రేకు గట్టిగా నొక్కాడా, ఆ క్షణంలోనే హద్దు అతని కిందికి దిగిపోతుంది. మలుపులోకి రాకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించండని మేము గొంతు చించుకునేది ఇందుకే.

చక్రం పూర్తిగా లాక్ అయితే ఇంకా ఘోరం. ఇక అది స్థైతిక ఘర్షణ కాదు, జారుడు ఘర్షణ. అది బండి జారుతున్న దిక్కుకి సరిగ్గా ఎదురుగా, వెనక్కి ఉంటుంది, పక్కకి ఏమీ మిగలదు. తమ్ముడూ ఇంటర్_ఎంపీసీ, నీ ఎనిమిదో తరగతి వాక్యం అక్షరాలా నిజమయ్యేది అక్కడే. అందుకే హ్యాండిల్ ఎటు తిప్పినా బండి నేరుగా పోతుంది. ఏబీఎస్ చేసేది చక్రం లాక్ కాకుండా చూడటం, అంటే ఘర్షణకి పక్కకి లాగే అవకాశం మిగల్చడం. 125 సీసీ దాటిన బండ్లకి 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అది తప్పనిసరి చేశారు.

మంచుదారి:
మేముండేది అమెరికాలో, మినసోటా వైపు. ఇక్కడ చలికాలంలో తారు మీద కంటికి కనబడని మంచు పొర కడుతుంది, రోడ్డు తడిగా ఉన్నట్టే ఉంటుంది. గుణకం 0.1కి పడిపోతుంది. అదే 20 మీటర్ల మలుపు లెక్క వేస్తే గంటకి 16 కిలోమీటర్లు వస్తోంది, మనిషి సైకిల్ తొక్కే వేగం. వచ్చిన మొదటి ఏడాది మా కాలనీ మలుపులో స్టీరింగ్ తిప్పాను, ముందు చక్రాలు తిరిగాయి, కారు తిరగలేదు, మెల్లగా పోయి అవతల మంచు గుట్టలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. స్టీరింగ్ కారుని తిప్పదని, చక్రాలని మాత్రమే తిప్పుతుందని, కారుని తిప్పేది రోడ్డని ఆ రోజు తెలిసింది నాకు.

జాతరపిచ్చి:
మరి జాతరలో చెక్కల బావి గోడ మీద బైకు తిప్పే వాళ్ల సంగతేంటి? మరణ బావి అంటాం మేము. అక్కడ కూడా ఘర్షణేనా?

పాతలెక్కలమాస్టారు:
అక్కడ పనులు తారుమారవుతాయి, చక్కటి ఉదాహరణ. గోడ నిటారుగా ఉంది కాబట్టి కేంద్రం వైపుకి తోసేది గోడే, దాని అభిలంబ బలం. ఘర్షణ పైకి ఉండి, బండి బరువుని మోసి కిందికి జారకుండా పట్టుకుంటుంది. రోడ్డు మీద వేగం పెరిగితే ప్రమాదం, బావిలో వేగం తగ్గితే ప్రమాదం. వేగం తగ్గితే గోడ మీద నొక్కుడు తగ్గుతుంది, నొక్కుడు తగ్గితే ఘర్షణ తగ్గుతుంది, బరువు మాత్రం అంతే ఉంటుంది. 5 మీటర్ల వ్యాసార్థం, 0.6 గుణకం అనుకుంటే కనీసం గంటకి 32, 33 కిలోమీటర్లు ఉండాలి. వాళ్లు మొదట కింద వాలు పలకల మీద తిరిగి వేగం పుంజుకున్నాకే గోడెక్కేది అందుకే.

ఇంటర్_ఎంపీసీ:
అందరికీ చాలా థాంక్స్. నిన్న ఆదివారం అమ్మమ్మ వాళ్లింట్లో తిరగలి దొరికింది, పరీక్ష చేశాను. పై రాయి మీద మధ్య రంధ్రం పక్క నుంచి అంచు దాకా చింతగింజలు చదునైన వైపు కిందకి ఉండేలా వరసగా పెట్టాను. ఎక్కడెక్కడ పెట్టానో స్కేలుతో కొలిచి సుద్దతో గీతలు గీశాను. అమ్మమ్మ పిడి పట్టుకుని తిప్పింది, చెల్లి ఫోన్‌లో వీడియో తీసింది.

రెండు సెకన్లకి ఒక చుట్టు తిప్పినప్పుడు ఒక్క గింజా కదలలేదు, 18 సెంటీమీటర్ల దగ్గర పెట్టింది కూడా. సెకనుకి ఒక చుట్టుకి వచ్చేసరికి అంచు గింజ ముందు పోయింది, తర్వాత దాని లోపలిది. చివరికి సుమారు 10 సెంటీమీటర్ల గీత లోపల ఉన్నవి మిగిలాయి. మిగిలినవి రాయితో పాటు అమాయకంగా తిరుగుతూనే ఉన్నాయి. లెక్క వేస్తే రాతికీ గింజకీ మధ్య గుణకం దాదాపు 0.4 వచ్చింది. ఇది సరేనా మాస్టారూ?

బరువు సంగతి కూడా చూశాను. ఒక రూపాయి బిళ్ల, పక్కనే రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి టేపుతో అంటించి, కేంద్రం నుంచి ఒకే దూరంలో పెట్టాం. మెల్లగా వేగం పెంచితే రెండూ దాదాపు ఒకే చుట్టులో జారాయి. మూడు సార్లు చేశాం.

ఇంకొకటి. గింజ అంచు దాటాక కేంద్రం నుంచి నేరుగా బయటికి పోతుందనుకున్నాను. వీడియో ఆపి ఆపి చూస్తే అలా పోలేదు, రాయి తిరుగుతున్న దిక్కులోనే ఏటవాలుగా ఎగిరి చాప అవతలి మూల పడింది.

పాతలెక్కలమాస్టారు:
0.4 సరైనదే బాబూ, నీ కొలత పద్ధతి కూడా బాగుంది. ఏటవాలుగా ఎందుకు పోయిందో నీకే తెలుసు ఇప్పుడు. బయటికి తోసే బలం ఏదైనా ఉంటే నేరుగా బయటికే పోవాలి. అలాంటిదేమీ లేదు, పట్టు వదిలాక గింజకి అప్పటికే ఉన్న వేగం మిగిలింది, ఆ వేగం స్పర్శరేఖ వెంట ఉంది. జారుతూ అంచు దాకా వచ్చేలోపు కాస్త బయటి వేగమూ కలిసింది, అందుకే పూర్తిగా స్పర్శరేఖ కాకుండా ఏటవాలు.

రాయి మీద కాస్త బియ్యప్పిండి చల్లి మళ్లీ చేసి చూడు, గీత ఎంత లోపలికి వస్తుందో రాయి.

ఇంటర్_ఎంపీసీ:
చేశాను. అదే వేగానికి 6 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసింది. రెండో చుట్టుకే సగం గింజలు చాప మీద ఉన్నాయి. అమ్మమ్మ రాయి కడిగి పెట్టమంది, వెళ్తున్నాను.

ఘాట్‌స్టీరింగ్:
6 వచ్చిందా. రేపు పొద్దున నాకు కొండ ట్రిప్పు ఉంది, రాత్రి నుంచి ఇక్కడ జల్లు పడుతోంది. ముందు టైర్లు రెండూ ఒకసారి చూసుకుని బయలుదేరతాను.